అమెరికా పల్లె కౌంటీల్లో పొగాకు రైతులకు అందిన సొమ్ము: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఏ కౌంటీలో (మన మండలం కన్నా పెద్దది, జిల్లా కన్నా చిన్నది అనుకుంటే చాలు) ఎవరికి ఎంత వ్యవసాయ సబ్సిడీ ముట్టిందన్నది రహస్యం కాదు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ఆ లెక్కలను సమాచార చట్టం కింద రాబట్టి, పేర్లతో సహా బయటపెడుతూ వచ్చింది. కెంటకీలోనో ఉత్తర కరోలినాలోనో ఒక పల్లె కౌంటీ లెక్క తీసి చూస్తే, 2005 నుంచి 2014 దాకా పొగాకు పద్దు కింద చాంతాడంత జాబితా కనిపిస్తుంది. ఒకరికి ఏడాదికి 90 డాలర్లు, ఇంకొకరికి 90 వేలు ఉన్నా ఆశ్చర్యం లేదు. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక రాయించిన ప్రభుత్వమే పొగాకు పండించమని డబ్బులిచ్చిందా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ప్రశ్నలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇది పొగాకు పండించినందుకు ఇచ్చిన సబ్సిడీయేనా?

కాదు. పద్దు పేరు చూసి చాలామంది పొరబడేది ఇక్కడే. పొగాకు పండించి అమ్ముకునే హక్కుకు అక్కడ కోటా అనే రూపం ఉండేది. దానికి మార్కెట్లో ధర ఉండేది, కౌలు ఉండేది, తండ్రి నుంచి కొడుక్కి వారసత్వం ఉండేది. 2004లో ప్రభుత్వం ఆ హక్కును రద్దు చేసి, రద్దు చేసినందుకు వెల కట్టింది. ఆ వెలను పది వాయిదాల్లో చెల్లించింది. జాబితాలో కనిపించే అంకెలు చాలావరకు ఆ వాయిదాలే. మన లెక్కలో చెప్పాలంటే ఎరువుల మీద రాయితీ కంటే భూసేకరణ పరిహారానికి దగ్గరి చుట్టం.

చట్టం పేరు ఫెయిర్ అండ్ ఈక్విటబుల్ టొబాకో రిఫార్మ్ యాక్ట్. విడి చట్టంగా రాలేదు. కంపెనీల పన్నులకు సంబంధించిన ఓ పెద్ద చట్టానికి తోకలా తగిలించి గట్టెక్కించారు. అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ 2004 అక్టోబర్ 22న సంతకం చేశారు. జనం దాన్ని బయౌట్, అంటే హక్కును కొనేయడం, అనే పిలిచారు.

అసలు కోటా ఎందుకు పెట్టారు?

1930ల మాంద్యంలో పొగాకు ధర నేలకు దిగింది. ధర పడిందని రైతు మరింత పండిస్తాడు, మరింత పండితే ధర ఇంకా పడుతుంది. ఈ చక్రాన్ని ఆపడానికి రూజ్వెల్ట్ ప్రభుత్వం 1933లో మొదలుపెట్టిన ప్రయత్నాలు కోర్టులో ఎదురుదెబ్బ తిన్నాయి. 1938 వ్యవసాయ చట్టంతో అవి మళ్లీ నిలబడ్డాయి. పద్ధతి సులువే. దేశానికి ఎంత పొగాకు కావాలో ప్రభుత్వం లెక్క వేస్తుంది. ఆ మొత్తాన్ని అంతకుముందు పండించిన చరిత్రను బట్టి పొలాలకు పంచుతుంది. తన వాటాకు మించి అమ్మినవాడికి భారీ జరిమానా. వాటాకు లోబడినవాడికి కనీస ధర భరోసా.

కోటా ఉండాలా వద్దా అన్నది రైతులే ఓటు వేసి తేల్చుకునేవారు, మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. 1938 డిసెంబరులో వర్జీనియా రకం (వేడి గాలితో కాల్చి ఎండబెట్టే సిగరెట్టు పొగాకు) రైతుల ఓటులో కోటాకు అంత మద్దతు రాలేదు. తర్వాతి ఏడాది పంట విరగపండింది. సరిగ్గా అమ్మకాల వేళకు, 1939 సెప్టెంబరులో, ఐరోపాలో యుద్ధం మొదలై బ్రిటిష్ కొనుగోలుదారులు వేలం పాటల నుంచి లేచిపోయారు. మార్కెట్లు మూతపడ్డాయి. అక్టోబరులో మళ్లీ ఓటు పెడితే పదిమందిలో తొమ్మిదిమంది కోటా కావాలన్నారు. ఆ దెబ్బ వాళ్లకు మూడు తరాలు గుర్తుంది. గుంటూరు, చీరాల ప్రాంతాల్లో ఆకు కొన్న ఐఎల్‌టీడీ కూడా బ్రిటిష్ పొగాకు వ్యాపారంతో ముడిపడిన కంపెనీయే. కొనేవాడు లేచిపోతే ఏమవుతుందో మన తీరప్రాంతపు రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

కనీస ధర ఎలా ఇచ్చేవారు?

వేలంలో కంపెనీ పాట మద్దతు ధర కన్నా కనీసం ఒక సెంటు ఎక్కువ పలకాలి. పలకకపోతే ఆ ఆకును రైతుల సహకార సంఘం మద్దతు ధరకే తీసుకుని, ప్రభుత్వ అప్పుతో రైతుకు డబ్బు ఇచ్చేసి, ఆకును నిల్వ చేసి తర్వాత అమ్ముకునేది. బర్లీకి (కొట్టంలో వేలాడదీసి ఆరబెట్టే రకం) కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఒక సంఘం, వర్జీనియాకు ఉత్తర కరోలినాలో మరొకటి ఉండేవి. 1982లో వచ్చిన చట్టం ఈ ఏర్పాటులో నష్టం వస్తే ఖజానా భరించదని తేల్చింది. అప్పటి నుంచి రైతు, ఆ తర్వాత కొనుగోలుదారు కూడా, పౌనుకు ఇంత అని చందా కట్టాల్సి వచ్చింది. పొగాకు రైతు పన్ను చెల్లించేవారి డబ్బు తింటున్నాడని అప్పట్లో తిట్టినవాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలిసినా చెప్పలేదు.

కోటా ఎవరి పేరున ఉండేది?

పొలం పేరున. అంటే పొలం గలవాడి పేరున. మొత్తం వ్యవహారంలో కీలకం ఇదే.

1938 నాటికి చెమటోడ్చి పొగాకు పండించినవారిలో కౌలుదారులు, పాలికాపులు లెక్కలేనంతమంది. దక్షిణాది రాష్ట్రాల్లో వారిలో నల్లజాతివారు చాలామంది. కోటా మాత్రం భూమిని పట్టుకుని వెళ్లింది. అరవై ఏళ్లు గడిచేసరికి ఆ భూమి ఎవరెవరి చేతుల్లో పడిందో ఊహించుకోవచ్చు. పట్నంలో ఉద్యోగం చేసుకునే మనవడు, ఊళ్లో ఒంటరిగా ఉన్న పెద్దావిడ, పొలం కొని వదిలేసిన వైద్యుడు. వీళ్లెవరూ నారు పోయలేదు, ఆకు కొట్టలేదు. కోటాను పౌనుకు ఇన్ని సెంట్లని కౌలుకిచ్చి కూర్చున్నారు. నిజంగా పండించేవాడు పదిమంది దగ్గర చిన్నచిన్న కోటాలు కౌలుకు పోగుచేసుకుని ఒక పంట పెట్టేవాడు. కోటా సాధారణంగా కౌంటీ గట్టు దాటకూడదు కాబట్టి ఆ బేరాలన్నీ ఊరివాళ్ల మధ్యే, చర్చి బయటో విత్తనాల కొట్టు దగ్గరో జరిగేవి.

2004 నాటికి దేశంలో కోటా యజమానులు 4 లక్షల పైచిలుకు. పొగాకు పండించే పొలాలు 2002 వ్యవసాయ గణన ప్రకారం 57 వేలకు కాస్త తక్కువ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే కౌంటీ జాబితా అంత పొడుగు ఎందుకు ఉందో తెలుస్తుంది.

ఎవరికి ఎంత ఇచ్చారు?

కోటా యజమానికి పౌనుకు 7 డాలర్లు. పండించినవాడికి పౌనుకు 3 డాలర్లు. రెండూ ఒకరే అయితే 10. కొలమానం 2002 నాటి ప్రాథమిక కోటా. యజమాని ఎవరన్నది చట్టం వచ్చిన రోజు, అంటే 2004 అక్టోబర్ 22న పొలం ఎవరిదన్న దాన్నిబట్టి తేలింది. పండించినవాడి 3 డాలర్లను మాత్రం 2002, 2003, 2004 సంవత్సరాలకు ఒక్కో డాలరు చొప్పున విడగొట్టారు. ఒక్క ఏడాదే పండించి ఉంటే ఒక్క డాలరే.

కెంటకీలో ఒక చిన్న పొలం అనుకుందాం. కోటా 2,000 పౌన్లు, అంటే 907 కిలోలు. బర్లీ అయితే సుమారు ఎకరం పంట. యజమానికి మొత్తం 14,000 డాలర్లు, ఏడాదికి 1,400. మూడేళ్లూ దాన్ని కౌలుకు తీసుకుని పండించినవాడికి మొత్తం 6,000, ఏడాదికి 600. ఆకు కొట్టి, పుల్లకు అయిదారు మొక్కల చొప్పున గుచ్చి, కొట్టంలో వేలాడదీసి, చలికాలమంతా కూర్చుని ఆకు ఒలిచినవాడికి ఆరు వందలు. పట్టాకు పధ్నాలుగు వందలు.

అన్యాయమని నాకూ అనిపిస్తుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మన దగ్గర పంట నష్టం వచ్చినా, పెట్టుబడి సాయం వచ్చినా, పేరు లేని కౌలు రైతు చేతికి ఎంత చేరుతుందో అందరికీ తెలిసిందే. అక్కడి చట్టం కౌలుదారుకు వాటా తక్కువే ఇచ్చినా, ఆ వాటాను అతని పేరునే రాసింది.

2002 కోటానే ఎందుకు కొలమానంగా తీసుకున్నారు?

2004 కోటా తీసుకుంటే రైతులు గగ్గోలు పెట్టేవారు. 1997కూ 2004కూ మధ్య కోటాలు సుమారు సగానికి కుంగిపోయాయి. సిగరెట్టు తాగేవారు తగ్గారు, కంపెనీలు బ్రెజిల్, మలావీ వంటి చోట్ల చవక ఆకు కొనడం మొదలుపెట్టాయి. ఏటా కరుగుతున్న ఆస్తికి వెల కట్టేటప్పుడు రెండేళ్ల వెనకటి కొలత తీసుకోవడం రైతుకు లాభమే. అసలు బయౌట్ కావాలని పట్టుబట్టింది కూడా రైతు నాయకులే. ఇంకో అయిదేళ్లు ఆగితే అమ్ముకోవడానికి ఏమీ మిగలదని వారి భయం.

ఆ డబ్బు ఎవరిది? పన్నుల సొమ్మేనా?

కాదు. సుమారు 960 కోట్ల డాలర్ల ఈ చెల్లింపులకు డబ్బు పొగాకు ఉత్పత్తులు తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల దగ్గర మూడు నెలలకోసారి వసూలు చేశారు. మొదట్లో ఆ భారంలో 96 శాతానికి పైగా సిగరెట్ల మీద పడింది. చుట్టలు, ముక్కుపొడుం, నమిలే పొగాకు మిగిలింది పంచుకున్నాయి. కంపెనీలు దాన్ని సిగరెట్టు ధరలో కలిపేసి ఉంటాయనడానికి పెద్ద ఆర్థికవేత్త అక్కర్లేదు. అంటే పొగతాగేవాడి జేబులో నుంచి తీసి పొలం యజమానికి ఇచ్చారు.

పదేళ్లు ఆగలేనివాళ్లు ఏం చేశారు?

వాయిదాల కాగితాన్ని బ్యాంకుకో ఫైనాన్సు కంపెనీకో అమ్ముకున్నారు. చట్టమే దానికి వీలు కల్పించింది. కొన్నవాడు వడ్డీ మినహాయించుకుని మొత్తం ఒకేసారి చేతిలో పెట్టాడు, ఏటా వచ్చే వాయిదాలు తాను తీసుకున్నాడు. అందుకే కొన్ని కౌంటీల జాబితాల్లో రైతుల పేర్ల పైన ఫైనాన్సు సంస్థల పేర్లు పెద్ద మొత్తాలతో కనిపిస్తాయి. వాళ్లేదో రహస్యంగా పొగాకు పండించారని కాదు.

డబ్బు తీసుకున్నవారు పొగాకు మానేయాలన్న షరతు ఉందా?

లేదు. వాయిదా తీసుకుంటూనే ఎంత కావాలంటే అంత పండించుకోవచ్చు, ఏ రాష్ట్రంలోనైనా. కోటా పోవడమంటే పరిమితి పోవడమే కదా. మేరీలాండ్ దారి వేరు. అక్కడి రకానికి సమాఖ్య కోటా లేదు కాబట్టి ఈ బయౌట్ వర్తించలేదు. వైద్య ఖర్చుల విషయమై 1998లో సిగరెట్టు కంపెనీలతో కుదిరిన ఒప్పందం కింద తనకు వచ్చిన సొమ్ముతో ఆ రాష్ట్రం సొంత పథకం పెట్టింది. పౌనుకు ఏటా ఒక డాలరు చొప్పున పదేళ్లు ఇస్తాం, మనుషులు వాడే పొగాకు ఇక పండించకూడదు, భూమిని సాగులోనే ఉంచాలి అని షరతు. ఎక్కువమంది ఒప్పుకున్నారు. దక్షిణ మేరీలాండ్‌లో మూడున్నర శతాబ్దాల పంట దాదాపు మాయమైంది. ఆరోగ్యం దృష్టితో చూస్తే మేరీలాండ్ పద్ధతే సూటిగా ఉంది. సమాఖ్య చట్టానికి ఆరోగ్యంతో పనే లేదు. పొగాకును ఆహార ఔషధ సంస్థ అజమాయిషీ కిందికి తేవాలన్న ప్రతిపాదన అప్పుడే బల్ల మీద ఉన్నా, దాన్ని పక్కనపెట్టి బయౌట్ ఒక్కటే చట్టం చేశారు. ఆ అజమాయిషీ 2009 దాకా రాలేదు.

యజమాని మధ్యలో చనిపోతే?

మిగిలిన వాయిదాలు జీవిత భాగస్వామికి, లేకుంటే వారసులకు వెళ్లాయి.

పన్ను?

యజమానికి వచ్చింది సాధారణంగా ఆస్తి అమ్మిన లాభం కింద లెక్క, పండించినవాడికి వచ్చింది మామూలు ఆదాయం. ఇక్కడ కూడా పట్టా గలవాడిదే పైచేయి. ఆస్తి లాభం మీద పన్ను రేటు తక్కువ.

కౌంటీ కార్యాలయం పాత్ర ఏమిటి?

వ్యవసాయ శాఖ కింద ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ శాఖలు కౌంటీ స్థాయిలో పనిచేస్తాయి. ఏ పొలానికి ఎంత కోటా, ఎవరు ఎవరికి కౌలుకిచ్చారు, ఎంత అమ్మారు అన్న చరిత్రంతా దశాబ్దాలుగా ఆ దస్త్రాల్లోనే ఉంది. దానికి తోడు స్థానిక రైతులే ఓటువేసి ఎన్నుకునే కౌంటీ కమిటీ ఒకటి. 2005లో జనం వరుసకట్టి ఒప్పందాల మీద సంతకాలు పెట్టింది ఈ ఆఫీసుల్లోనే. అన్నదమ్ముల మధ్య పంపకం తేలని పొలాలు, నోటిమాట మీద నడిచిన కౌళ్లు, సగం పెట్టుబడి పెట్టిన భాగస్వామి పేరు కాగితంలో లేకపోవడం వంటి చిక్కులు అక్కడా ఉన్నాయి. పండించినవాడిగా గుర్తింపు రావాలంటే పంట నష్టంలో వాటా భరించి ఉండాలన్నది నియమం. రోజు కూలికి పనిచేసినవాడికి, ముఖ్యంగా మెక్సికో నుంచి వచ్చి ఆకు కొట్టి వెళ్లిపోయిన వలస కూలీకి, ఈ లెక్కలో చోటే లేదు.

కోటా పోయాక కౌంటీలు ఏమయ్యాయి?

మొదట ధర పడింది. పౌను రెండు డాలర్ల దరిదాపుల్లో ఉన్న బర్లీ మరుసటి ఏడాదే ఒకటిన్నర డాలరు దగ్గరికి దిగింది. కోటా కౌలు కట్టే పని తప్పింది కాబట్టి, పెద్ద ఎత్తున పండించేవాడికి ఆ ధర గిట్టుబాటయింది. ఎకరం, అరెకరం వాడికి కాలేదు. వాడు మానేశాడు.

ఎంతమంది మానేశారో గణనే చెబుతుంది. పొగాకు పండించే పొలాలు 2002లో 57 వేలకు చేరువలో ఉంటే 2007కు 16 వేల పైచిలుకు, 2012కు 10 వేలు, 2017కు 6,237, 2022కు 2,987. కెంటకీ ఒక్క రాష్ట్రంలోనే 2002లో 29 వేలకు పైగా ఉండేవి. 120 కౌంటీల్లో 119 పొగాకు పండించిన రాష్ట్రమది. 2022 నాటికి అక్కడి పొలాలు వెయ్యి లోపే.

వేలం కూడా పోయింది. కంపెనీలు 2000 నుంచే రైతులతో నేరుగా ఒప్పందాలు మొదలుపెట్టాయి. మద్దతు ధర కూడా లేకపోయేసరికి వేలం గోదాములకు పని లేకుండా పోయింది. వేలం పాడేవాడు గుక్క తిప్పుకోకుండా రాగం తీస్తూ నడుస్తుంటే, వెనకే కొనుగోలుదారులు వేళ్లతో సైగలు చేసే దృశ్యం అక్కడి చిన్న పట్టణాలకు సంక్రాంతి సందడి లాంటిది. ఆకు అమ్మిన చెక్కుతో పిల్లలకు చెప్పులు కొనేవారు, క్రిస్మస్ చేసుకునేవారు, భూమి అప్పు తీర్చేవారు. జనవరిలో వచ్చే బయౌట్ వాయిదా ఆ లోటును పదేళ్లు కప్పింది. ముసలి యజమానులు దాన్ని పింఛనులా వాడుకున్నారు, కొందరు పశువుల కంచెలు వేయించారు. 2014 తర్వాత అదీ లేదు.

రైతులకు సిగరెట్టు కంపెనీల ఒప్పందం డబ్బు వచ్చిందంటారు, అది ఇదేనా?

వేరు. 1998లో 46 రాష్ట్రాలకు, కంపెనీలకు మధ్య వైద్య ఖర్చుల విషయమై పెద్ద రాజీ కుదిరింది. ఆ ఒప్పందం వల్ల దెబ్బతినే రైతుల కోసం 14 రాష్ట్రాలకు 12 ఏళ్లలో 515 కోట్ల డాలర్లు ఇస్తామని కంపెనీలు విడిగా ఒక నిధి పెట్టాయి. బయౌట్ వచ్చాక దాన్ని మధ్యలోనే ఆపేశాయి. తన వాటాకు వచ్చిన రాజీ సొమ్ములో సగాన్ని కెంటకీ 2000లో వ్యవసాయ అభివృద్ధికి కేటాయించి, కౌంటీ మండళ్ల ద్వారా పశువులు, కూరగాయలు, గిడ్డంగుల వంటి వాటికి ఖర్చుపెట్టింది. పోయిన పంట స్థానంలో ఇంకొకటి నిలబెట్టడానికి జరిగిన గట్టి ప్రయత్నం నా దృష్టిలో ఇదొక్కటే.

ఇప్పుడు ఏమైనా ఇస్తున్నారా?

పంట బీమా ప్రీమియంలో ప్రభుత్వం వాటా భరిస్తుంది, పొగాకుకు కూడా. ధర మద్దతు లేదు. 2020లో కోవిడ్ సాయం రెండో విడతలో పొగాకు రైతులకు 10 కోట్ల డాలర్ల వరకు కేటాయించారు. మామూలుగా వాడే వ్యవసాయ నిధిని పొగాకుకు వాడకూడదన్న అడ్డు ఉండడంతో వేరే పద్దు నుంచి తీశారు.

మన దగ్గర ఇలాంటి ఏర్పాటు ఉందా?

సగం ఉంది. 1975 చట్టం కింద 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు ఏటా వర్జీనియా పంటకు పరిమాణం నిర్ణయించి, నమోదైన బ్యారన్‌కు (ఆకు కాల్చే కొట్టం) ఇంత అని అనుమతి ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి వేలం నడుపుతోంది. అనుమతికి మించి పండిస్తే జరిమానా, తుఫాను ఏడాదిలోనో ఒత్తిడి పెరిగినప్పుడో దాని మాఫీ. కోటా రోజుల్లో అమెరికాకు ఉండి మనకు లేనిది మద్దతు ధర. కొనేవాళ్లు చేతులు ముడుచుకుంటే రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను దింపాల్సి వస్తోంది. 2020లో వర్జీనియా వేలంలోకి దింపింది. 2025లో బోర్డు వేలం పరిధిలో లేని నల్ల బర్లీని కంపెనీలు కొనకపోతే మళ్లీ దింపింది.

ఒక పోలిక మాత్రం అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ప్రకాశం జిల్లాలో బ్యారన్ లైసెన్సు ఒకరిది, దాన్ని కౌలుకు తీసుకుని పండించేది ఇంకొకరు కావడం మామూలే. రేపు మన దగ్గర కూడా లైసెన్సులు వెనక్కి తీసుకుని పరిహారం ఇస్తామంటే, మొదటి తగాదా కెంటకీలో వచ్చిందే వస్తుంది. లైసెన్సు గలవాడికా, ఆకు కాల్చినవాడికా?

ఉత్తర కరోలినాలో పొలం కొనబోతున్నాం, పాత కాగితాల్లో 'టొబాకో అలాట్‌మెంట్' (పొగాకు కోటా) అని ఉంది. దానికి ఏమైనా వస్తుందా?

ర్యాలీ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లు పొలాలు చూస్తున్నప్పుడు ఈ మాట ఎదురుకావచ్చు. ఏమీ రాదు. ఆ హక్కు 2004తోనే పోయింది, దాని వెల అప్పటి యజమానికో అతని వారసులకో 2014కల్లా చేరిపోయింది. ఆ మాట చూపించి ఎవరైనా ధర పెంచితే నవ్వి ఊరుకోండి. పొలంలో పాత బ్యారన్ ఉంటే మాత్రం లోపలికి వెళ్లేముందు పైకప్పు ఒకసారి చూసుకోండి.